జంట గుండ్ల డాక్టరు, మా మరిది

మా మరిది పోయాడన్న మాట నాకు కోదాడ బస్సు కండక్టరు చెప్పాడు. సూర్యాపేట బస్టాండు ఇంకా రాకముందే మా గల్లీ మొదట్లో బస్సు ఆపించి, టికెట్ల సంచి భుజాన ఉండగానే దిగి వచ్చాడు. "అమ్మగారూ, మీరు కూర్చోండి," అన్నాడు. నేను కూర్చోలేదు. "డాక్టరు గారు కోదాడలో పోయారండి. బళ్ళో పేషంట్లను చూస్తా చూస్తా గోడకి ఆనుకున్నారంట. మళ్ళీ లేవలేదండి." రోడ్డు మీద బస్సు అట్లాగే ఆగి ఉంది. ఆలస్యమవుతోందని లోపలి నుంచి ఒక్కరు కూడా అరవలేదు. వాళ్ళలో చాలామందికి ఆయన తెలుసు.

నా పెళ్ళయి ఈ ఇంటికి వచ్చేనాటికి ఆయన పలక పట్టుకుని తిరిగే పిల్లవాడు. నా భర్తకు తమ్ముడు. ధాన్యం కొట్టులో పుట్టి, త్రాసు పట్టకుండా కత్తి పట్టినవాడు మా వంశంలో ఆయనొక్కడే. తలలో గడ్డలు పుట్టినవాళ్ళకు వైద్యం చేయడం మద్రాసులో నేర్చుకుని, హైదరాబాదు పెద్ద దవాఖానలో చేరి, చివరిదాకా అదే పని చేశాడు. నెలకొక ఆదివారం సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో ఏదో ఒక ఊరికి వచ్చేవాడు. బడిలో ఒక గది తీసుకుని, కిటికీలకు దుప్పట్లు కట్టి చీకటి చేసి, తలనొప్పి అన్న ప్రతి మనిషి కంట్లోకి దీపం వేసి చూసేవాడు. కంటి వెనక నరం ఉబ్బితే తలలో ఏదో పెరుగుతోందని అర్థం. ఇంగువ ముక్క వాసన చూపించి ఏమిటో చెప్పమనేవాడు. గీత గీసి దాని మీద నడవమనేవాడు. ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూ నడిచేవాళ్ళు. ఆయన నవ్వేవాడు కాదు, పాదాలనే చూసేవాడు.

సంతాప సభలో పెద్దలందరూ ఆయనను అజాతశత్రువు అన్నారు. మన కుల సంఘం పత్రికకు రాయమని అడగడానికి వచ్చినవాళ్ళు కూడా ఆ మాటతోనే మొదలుపెట్టమన్నారు. నేను బడిపిల్లలకు పాఠం చెప్పి బతికినదాన్ని, అబద్ధం రాయలేను. మా మరిదికి ఒక శత్రువు ఉన్నాడు. ఇరవై ఏళ్ళు ఆ పగను ఆయన దీపంలా కాపాడుకున్నాడు. ఆయన పనితనానికి చమురు అదే. ఇప్పుడు మంచివాడని నాలుగు మాటలు చెప్పి ఆ పగను కూడా చితిలో వేసేస్తే అది ఆయనకు అన్యాయం. ఈ పత్రిక మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు ఇంటికి కూడా పోతుందని నాకు తెలుసు. పోవాలనే రాస్తున్నాను. ఆ ఇంటి యజమాని పేరు మాత్రం రాయను. అది దయ కాదు. మా మరిది గురించి రాసిన కాగితం మీద ఆ పేరు ఉండడం నాకు ఇష్టం లేదు.

మా ఆడబిడ్డను, అంటే మా మరిదికి ఒక్కగానొక్క చెల్లెలిని, ఆ ఇంటికి ఇచ్చాం. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన ఏడాది ఆ పెళ్ళి జరిగింది. మరుసటి ఏడు పిల్లకు పొద్దున లేవగానే వాంతులు మొదలయ్యాయి. అత్తగారు మురిసిపోయి వాడకంతా బెల్లం పంచింది. మామిడికాయ ముక్కలు కోసి ముందు పెట్టింది. పిల్ల రెండు చేతులతో తల పట్టుకుని "నొస్తంది అత్తమ్మా" అంటే, "మగపిల్లగాడు పడితే గట్లనే నొస్తది, ఓర్సుకో" అంది. నెలలు గడిచాయి గాని కడుపు కనిపించలేదు. అప్పుడు అదే నోటితో "ఏషాలు" అంది. వాంతి ఏషం, తలనొప్పి ఏషం, గడప కనపడక బోర్లా పడడం కూడా ఏషమే.

మా మరిది అప్పటికి మద్రాసులో ఈ విద్య నేర్చుకుంటున్నాడు. దసరాకు వచ్చి చెల్లెలిని చూడడానికి మిర్యాలగూడ పోతుంటే నేనూ వెంట వెళ్ళాను. వంటింటి తలుపులు మూయించి ఆమె కళ్ళలోకి చూశాడు. బయటికి వచ్చి చేతులు కడుక్కున్నాడు. కడగవలసిందేమీ లేకపోయినా చాలాసేపు కడుక్కున్నాడు.

"బావా, చెల్లెకు కడుపు లేదు, ఏషం లేదు. తలల గడ్డ ఉన్నది," అన్నాడు. "రేపే బయలెల్లాలె. కోదాడ మీదుగ బెజవాడ పోతే మద్రాసు రైలు దొరుకుతది. మా పెద్ద డాక్టరుకు నేను చెప్త."

"ఏం జేస్తరు గాడ?" అని బావ అడిగాడు.

"జుట్టు తీసి, తల తెరిచి, గడ్డ తీస్తరు."

తల తెరవడం గురించి ఆ ఇంట్లో ఒక్కరు కూడా భయపడలేదు. జుట్టు తీయడం దగ్గరే ఆగిపోయారు.

"నా కొడుకు నిక్షేపం లెక్క బతికుండంగ నా కోడలికి గుండు గీయిస్తవా?" అని అత్తగారు లేచింది. "సదువుకున్నోనివి, నీకు తెల్వదా? మొగడుండంగ గుండైతే మొగడుంటడా?"

"అత్తా, జుట్టు మల్ల వస్తది."

"మొగడు వస్తడా?"

మన కులంలో భర్త పోయిన ఆడదానికి గుండు చేయించడం మా అత్తగారి తరంతోనే పోయింది. ఆచారం పోయింది గాని దాని భయం పోలేదు. ఖాళీ చేసిన ఇంట్లో పొగ వాసనలా అది గోడలకు పట్టుకుని ఉండిపోయింది. ఇక ఆమె భర్త, పాతికేళ్ళు దాటినవాడు, చదువు వచ్చినవాడు, అతను ఏమన్నాడో కూడా రాయాలి. మా అందరి మధ్యా నిలబడి, పక్కపాపిడి సరిచేసుకుని, "అమ్మ ఎట్లంటే గట్ల," అన్నాడు.

ఆ తర్వాత అడగని మనిషి లేడు. వాళ్ళ మేనమామను అడిగాం. పురోహితుణ్ణి అడిగాం. కులపెద్దను తీసుకుపోయి కూర్చోబెట్టాం. పండుగ దాటనివ్వమన్నారు, మూఢం దాటనివ్వమన్నారు. మా మరిది మద్రాసు పోవడం, సెలవు పెట్టి మళ్ళీ రావడం. ఈలోపల పిల్లకు చూపు పోయింది. నేను పోయి పక్కన కూర్చుంటే నా ముఖం చేత్తో తడిమి "వదినెనా?" అనేది. ఒకరోజు మా మరిది కూడా వింటుండగానే అంది:

"జుట్టే గద వదినె. తీసెయ్యమను. అద్దంల సూసుకునేది గూడ లేదాయె."

ఆ మాట నేను హాలులోకి వచ్చి అందరికీ చెప్పాను. రోగిష్టిదాని మాట ఎవరు లెక్కచేస్తారన్నారు. భర్త సంతకం లేనిదే మద్రాసులో చేర్చుకోరని మా మరిది ఆ సంతకం కోసమే ఇంకా బతిమాలుతున్నాడు.

కార్తీకంలో ఆమె పోయింది. తలంటి, జడ వేసి, జడ నిండా పూలు పెట్టారు. వచ్చినవాళ్ళందరికీ అత్తగారు ఆ జడను చూపించింది. "పుణ్యస్త్రీ. నిండు జుట్టుతోని పోయింది," అంది. పక్కన నిలబడ్డ కొడుకు తల ఊపాడు. ఆ మాట అన్నావిడ ఇప్పుడు లేదు. తల ఊపినవాడు ఉన్నాడు.

తిరిగి వస్తుంటే బస్సులో మా మరిది కిటికీ వైపు తిరిగి మాట్లాడాడు. "వదినె, బావను అడిగిన, వాళ్ళమ్మను అడిగిన. మొక్కంగ మొక్కంగ అడిగిన. చెల్లె ఎప్పుడో ఒప్పుకున్నది. ఆమె మాట సాలదనుకున్న. ఇగ నా జన్మల పెండ్లాం తల గురించి ఏ మొగన్ని అడగ." కొంతదూరం పోయాక మళ్ళీ అన్నాడు: "అది ఏ గడ్డనో మనకు ఎన్నటికీ తెల్వదు. తీస్తే పోయేదో, తీసినా పోనిదో. తెరిచి చూస్తే గద." ఏడాది తిరగకముందే బావగారు మళ్ళీ పీటల మీద కూర్చున్నాడని మాకు కబురు వచ్చింది. ఆ రోజు మా మరిది మద్రాసు నుంచి రాసిన కార్డులో దాని గురించి ఏమీ లేదు. పరీక్ష పాసయ్యానని మాత్రం ఉంది.

హైదరాబాదులో ఆయన దగ్గర పనిచేసిన నర్సమ్మ ఒకసారి నాతో నవ్వుతూ చెప్పింది. కత్తి పట్టుకుని తల తెరిచాక ఆయన గడ్డను "బావ" అని పిలిచేవాడట. "ఈ బావ గట్టిగ పట్టుకున్నడు, లైటు ఇటు తిప్పు." "ఈ బావ నెత్తురు తాగి బలిసిండు, జర పైలం." ఆమెకు అది సరదా మాట. నాకు కాదు. తలలో ఒక మూల చేరి, ఎవరి మాటా వినకుండా, పక్కవాళ్ళ చోటు ఆక్రమించి కూర్చునేదాన్ని ఆయన ఇంకే పేరు పెట్టి పిలవగలడు?

జంట గుండ్ల సంగతి మా సూర్యాపేటలోనే, నా కళ్ళ ముందే మొదలైంది. మోతె నుంచి ఒక రైతు భార్యను తెచ్చాడు, వెంట వాళ్ళమ్మ. మా మరిది పరీక్ష చేసి గడ్డ ఉందని చెప్పాడు. జుట్టు మాట వచ్చేసరికి ముసలామె గుండె బాదుకుంది. కోడలికి గుండైతే కొడుకుకు గండం అంది. అదే మాట, అదే రాగం. నేను మా మరిది ముఖం చూశాను. కోపం రాలేదు. ఏదో దొరికినవాడిలా కళ్ళు చిన్నవి చేశాడు.

"పెద్దమ్మా, మొక్కు ఉంటే ఆడోళ్ళు గుండు గీయించుకోరా?"

"మొక్కయితే గీయించుకుంటరు. అది దేవునికి."

"మొగడు పెండ్లాం ఇద్దరిస్తే?"

"ఇంకింత పుణ్యం."

"అయితే నీ కొడుకును కూసోవెట్టు. మొదలు వాడు, తర్వాత ఆమె."

రైతు ఉలిక్కిపడ్డాడు. "నాకెందుకు సారూ? నాకు తలనొప్పి గూడ లేదు!"

"ఇప్పుడు వస్తది తీ, కూసో."

గది బయట వరుసలో ఉన్నవాళ్ళంతా ఘొల్లున నవ్వారు. అతని భార్య, వచ్చినప్పటి నుంచి తల ఎత్తనిది, కూడా నవ్వింది. ముసలామె కాసేపు ఆలోచించి, నరసింహస్వామి పేరు మీద కానివ్వమంది. మంగలి వచ్చాడు. భర్త తల మీద కత్తి నడిచింది. ఆ జంట హైదరాబాదు పోయి, ఇద్దరూ తిరిగి వచ్చారు.

ఆ సాయంత్రం అన్నం తింటూ అడిగాడు. "వదినె, ఇది వైద్యం అనుకుంటున్నవా?"

"కాదా?"

"సగం వైద్యం. సగం కక్ష. మొగని తల మీద కత్తి గరగర నడుస్తుంటె నాకు కడుపుల సల్లగ అయితంది."

నాకూ చల్లగానే ఉందన్నాను. ఇంకో గరిటె పప్పు వేశాను.

ఆనాటి నుంచి అది కట్టుబాటయింది. భార్యకు తలలో ఆపరేషన్ అంటే భర్త ముందు కూర్చోవలసిందే. సంతకం మాత్రం భార్యది, చదువు రాకపోతే ఆమె వేలిముద్ర. పెద్ద దవాఖానలో తోటి డాక్టర్లు ఎగతాళి చేశారు, పైవాళ్ళు పిలిచి అడిగారు. "నా రోగి ధైర్యం కోసం" అని ఒక్క ముక్కలో జవాబిచ్చి వచ్చాడు. జనం ఆయనకు జంట గుండ్ల డాక్టరని పేరు పెట్టారు. హైదరాబాదు బస్సులో గుండ్లతో భార్యాభర్తలు ఎక్కితే కండక్టర్లు ఎక్కడికని అడగడం మానేసి, ముందు సీట్లో ఉన్నవాళ్ళను లేపి కూర్చోబెట్టేవాళ్ళు. తలనొప్పి గురించి ఆయన మాట ఒకటి ఈ మూడు ఊళ్ళలో ఇప్పటికీ చెప్పుకుంటారు: "తలనొప్పి అబద్ధమాడదు. దాన్ని నమ్మనోళ్ళే ఆడుతరు."

అందరూ బతికారని నేను రాయను. ఈ రోగంలో అట్లా రాసేవాళ్ళను నమ్మకండి. ఎవరైనా పోతే ఆయన కబురు పంపేవాడు కాదు, తానే ఆ ఊరు పోయేవాడు. వాళ్ళ గడపలో కూర్చుని "నా చేతుల పోయింది" అని చెప్పేవాడు. వాళ్ళు తిడితే తిట్టించుకుని వచ్చేవాడు. మిర్యాలగూడ మిల్లు ఇంటి నుంచి అట్లాంటి ఒక్క మాట మా గడపకు ఎన్నడూ రాలేదు.

వచ్చిన మాట వేరే ఉంది. బావగారు మిల్లు గద్దె మీద కూర్చుని, వడ్లు తెచ్చినవాళ్ళకూ బియ్యం కొనేవాళ్ళకూ ఒకటే చెప్పేవాడు: "వాడు ముట్టిన ఇంట్ల రెండు గుండ్లు, ఒక పాడె." తూకం అయ్యేదాకా మనిషి కదలలేడు గదా, విని తీరాలి. ఆ మాట ఊరూరా తిరిగింది. మిర్యాలగూడ ఆదివారాల్లో బడి గది సగం ఖాళీగా ఉండేది. అక్కడివాళ్ళు తలకు గుడ్డ చుట్టుకుని చాటుగా కోదాడ వచ్చేవాళ్ళు. కొందరు ఆ మాట విని ఆగిపోయి, చూపు పోయాక వచ్చారు. అట్లా వచ్చిన వేములపల్లి పిల్లను నేను చెయ్యి పట్టి గదిలోకి నడిపించాను. ఆమె చూపు కూడా ఆ మిల్లు గడప ముందే పెడుతున్నాను. వాళ్ళే ఎత్తుకోవాలి.

సాగర్ కాలువ నీళ్ళు వచ్చాక మిర్యాలగూడ చుట్టూ వరి పెరిగింది, ఆ మిల్లూ పెరిగింది, అతనూ పెరిగాడు. సభల్లో వేదిక ఎక్కేంత పెద్దమనిషి అయ్యాడు. అప్పుడు అతని రెండో భార్యకు ఎడమ చెయ్యి దానంతట అదే కొట్టుకోవడం మొదలైంది. ఎడమ కాలి చెప్పు జారిపోయినా తెలియక ఒంటి చెప్పుతో నడిచి వచ్చేదట. ఆ నెల కోదాడలో ఆమెను పుట్టింటివాళ్ళు మా మరిదికి చూపించారు. తలలో గడ్డ అని తేలగానే బావగారు నేరుగా సూర్యాపేటలో మా ఇంటికి వచ్చాడు.

"అక్కా, నువ్వు చెప్తె వింటడు."

"ఏమని చెప్పాలె?"

"పాతవి మనసుల వెట్టుకోవద్దని."

"ఏవి పాతవి? పేరు వెట్టి చెప్పు."

బయట అతని కారు చుట్టూ పిల్లలు మూగి ఉంటే వాళ్ళను అదిలించే నెపంతో లేచి పోయాడు.

మా మరిది వచ్చాక నేను దాచుకోలేదు. "వాని పెండ్లాన్ని ముట్టకు. వేరే డాక్టర్లు లేరా?"

"ఆమె ఏం జేసింది వదినె?"

"ఆమె ఏం జెయ్యలే. వాడు జేసిండు. గడ్డ వానికి రావలసింది."

"వస్తే ఏడ ఉంటది? లోపల జర మెదడు ఉండాలె గద నొక్కెటందుకు."

నవ్వించి తప్పించుకుంటున్నాడని నాకు తెలుసు. నేను నవ్వలేదు. అప్పుడు ఆయన గొంతు తగ్గించి అడిగాడు: "ఆమె మెడల ఏమున్నదో చూసినవా?"

చూడలేదు గాని తెలుసు. రెండో భార్యగా వచ్చినామె, పోయినామె పేరున ఒక చిన్న బంగారు బిళ్ళ మెడలో వేసుకోవాలి. పోయినామె పుట్టింటివాళ్ళు ఈమెను తమ ఆడపిల్లగా ఎంచి పండుగకు చీర పెట్టాలి. నేను పెట్టలేదు. ఆ గడపకు మా ఇంటి నుంచి దారప్పోగు కూడా పోకూడదనుకున్నాను.

"చెల్లె పేరు మెడల మోస్తంది," అన్నాడు. "బావ మీద నాకున్న కక్ష బావ మీదనే తీర్చుకుంట. ఆమె మీద గాదు. నువ్వు గూడ హైదరాబాద్ రా, సూద్దువు."

వెళ్ళాను. దవాఖానలో ఆ వార్డు ముందు పొడుగాటి వరండా ఉంది. గోడ వెంట బెంచీల మీద గుండ్ల భర్తలు, ఊరూరివాళ్ళు, బీడీ చెవిలో పెట్టుకుని కూర్చుని ఉన్నారు. బావగారు కారులో మిర్యాలగూడ నుంచి సొంత మంగలిని కూడా వెంటబెట్టుకుని వచ్చాడు. ఊరి మంగలి అయితే కత్తి మెత్తగా నడుస్తుందనేమో. మా మరిది రాగానే లేచి, అందరూ వినేలాగే అన్నాడు: "బావా, నేను తయారు. అందరి లెక్కనే గుండు గీయించుకుంట."

"నీకు అక్కర లేదు బావా."

"అదేంది? అందరికీ రూలు ఉన్నది గద."

"రూలు పెండ్లాం కోసం తల ఇచ్చెటోళ్ళకు. నీకు ఇయ్యకుండనే గడిసింది గద ఒకపారి. ఇప్పుడు గూడ గడుస్తది. గాడ కూసో."

అంతే. గొంతు పెంచలేదు. లోపలికి పోయి ఆమె మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. "అమ్మా, జుట్టు తీయాలె. నీ మాట చెప్పు."

"తీసెయ్యుండ్రి అన్నా," అంది ఆమె. "ఈ చెయ్యి నా మాట వింటే సాలు."

తన సంతకం తానే చేసింది. నగలు తీయమంటే అన్నీ తీసి వాళ్ళమ్మకు ఇచ్చింది. ఆ బిళ్ళ ఒక్కటి మాత్రం తాడు నుంచి విడదీసి నా చేతిలో పెట్టి, "ఇది మీదే గద వదినె, మీకాడ ఉండని," అంది. తామర గింజంత ఉంది. మా ఆడబిడ్డ మా ఇంటికి తిరిగి వచ్చినట్టు నా పిడికిట్లో కూర్చుంది.

ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ నేను వరండాలో ఆ చివర కూర్చుని అతన్నే చూశాను. పక్కనున్న రైతులు మాట కలిపారు.

"ఏ ఊరు సేటూ?"

"మిర్యాలగూడ."

"ఎవరున్నరు లోపట?"

"నా భార్య."

అందరూ ఒక్కసారి అతని తల వంక చూశారు. కొబ్బరినూనె రాసి పక్కపాపిడి తీసిన నల్లటి జుట్టు. అతని పక్కనున్నతను కొంచెం జరిగి కూర్చున్నాడు. కాసేపటికి అవతలి నుంచి ఒక గొంతు వచ్చింది: "జుట్టు మంచిగున్నది సేటూ."

"మంచిగుండదా మరి," అన్నాడు ఇంకొకతను. "కాపాడుకుంటుండె."

అతను లేచి అటూ ఇటూ తిరిగాడు. ఎటు తిరిగినా వరుసగా గుండ్లు, వాటి కింద చూసే కళ్ళు. మంగలి మెట్ల మీద పొది ఒళ్ళో పెట్టుకుని పని లేక కూర్చుని ఉన్నాడు. తల నిండా జుట్టు ఉండడం ఒక మనిషికి అంత బరువుగా ఉండడం నేను ఇంకెక్కడా చూడలేదు. తృప్తిగా చూశాను. చదివేవాళ్ళు ఏమనుకున్నా సరే.

మా మరిది బయటికి వచ్చి బావ ముందు నుంచే నడిచి నా దగ్గరికి వచ్చాడు. "వదినె, మొత్తం వచ్చింది. మెదడుల కలవలే, పైన పొరల పుట్టిన గడ్డ. తీస్తే పోయేటిది."

బావ లేచి వచ్చాడు. "నాకు చెప్పవా బావా?"

"వదినె చెప్తది," అని మా మరిది చేతులు కడుక్కోవడానికి పోయాడు.

నేను చెప్పలేదు. నర్సమ్మ వచ్చి చెప్పేదాకా అతను నా ముఖం చూస్తూ నిలబడ్డాడు. అది ఎంతసేపో కూడా నాకు తెలుసు.

ఆమె బాగుపడింది. ఎడమ చెయ్యి ఆమె మాట వింటోంది. ఆ దసరాకు తలకు గుడ్డ కట్టుకుని మా ఇంటికి వచ్చింది. నేనే మెడలోని తాడుకు ఆ బిళ్ళ గుచ్చి చీర పెట్టాను. ఏటా వస్తుంది. ఆమెను దింపడానికి వచ్చినవాడు మాత్రం మా అరుగు దాటి లోపలికి రాలేదు, రమ్మన్నవాళ్ళూ లేరు.

ఒకసారి మా మరిదిని అడిగాను, కక్ష తీరిందా అని. బట్టతో ఆ కంటి దీపం తుడుచుకుంటున్నాడు. "తీరితే ఎట్ల వదినె? రేపు ఇంకో బావ ఉన్నడు టేబుల్ మీద," అన్నాడు.

ఆయన పెళ్ళి చేసుకోలేదు. మా పెద్దబ్బాయి కర్మ చేశాడు. పదో రోజు వాడపల్లికి, మూసీ కృష్ణలో కలిసే చోటికి పోయాం. మేము ఎవరికీ చెప్పలేదు, అయినా వచ్చారు. మోతె నుంచి, కోదాడ నుంచి, వేములపల్లి నుంచి, బస్సుల్లో, లారీల్లో వచ్చారు. భార్యలు తలల నిండా జుట్టుతో, కొందరు జడల్లో చామంతులతో, ఒడ్డున గుంపుగా నిలబడ్డారు. భార్య పోయినవాళ్ళు కూడా కొందరు ఒంటరిగా వచ్చారు. భర్తలు ఎవరూ పిలవకుండానే మంగలి ముందు వరుసగా కూర్చోవడం మొదలుపెట్టారు. కర్మ చేసేవాడు తప్ప ఇంకెవరూ తల ఇవ్వనక్కర లేదని పురోహితుడు చెప్పి చూశాడు.

"మాకు గవన్ని తెల్వది అయ్యగారూ," అన్నాడు మోతె రైతు. "మాది అలవాటు."

ఊరిలోంచి ఇంకో ఇద్దరు మంగళ్ళను పిలిపించవలసి వచ్చింది. పొద్దు నడినెత్తికి వస్తుండగా కారు వచ్చి ఇసుక అంచున ఆగింది. బావగారు దిగాడు. ఎవరితోనూ మాట్లాడకుండా, చొక్కా విప్పి మడిచి పెట్టి, వరుస చివర గొంతుకూర్చున్నాడు. ముసలివాడవుతున్నాడు. జుట్టు నెరిసింది గాని ఒక్క వెంట్రుక పోలేదు. వాడపల్లి మంగలికి అతనెవరో తెలియదు. చెంబుతో నది నీళ్ళు తల మీద పోసి, వేళ్ళతో జుట్టంతా తడిపి, కత్తి అందుకున్నాడు.

నేను లేచి పోయి మంగలి చెయ్యి పట్టుకున్నాను.

"నీకు అక్కర లేదు," అన్నాను అతనితో.

"అక్కా, ఇన్నేండ్లాయె. ఇప్పుడన్న నన్ను అందరిల కలవనియ్యి."

"నీకు అక్కర లేదని ఆయన చెప్పిండు."

"ఆయన లేడు గదక్కా."

"లేడు. అందుకే ఇగ ఆ మాట మార్చెటోళ్ళు లేరు."

అతను తల ఎత్తి ముందే వచ్చి ఒడ్డున ఆడవాళ్ళలో నిలబడ్డ తన భార్య వైపు చూశాడు. ఆమె అతన్ని చూసింది, నన్ను చూసింది. కొంగు సర్దుకుని నీళ్ళ వైపు తిరిగింది.

అతను లేచాడు. చొక్కా తొడుక్కోవడం కూడా మరిచి చేత్తో పట్టుకుని ఇసుకలో నడిచాడు. జుట్టులోంచి నీళ్ళు మెడ మీదికి, వీపు మీదికి కారుతున్నాయి. తుడుచుకోలేదు. డ్రైవరు కారు తలుపు తీసి పట్టుకుని ఉన్నాడు, అతను ఎక్కలేదు. ఎండలో అట్లా నిలబడ్డాడు. ఇక్కడ మంగలి చెంబు ముంచి, వరుసలో ఖాళీ అయిన చోటికి జరిగి వచ్చిన మనిషి తల మీద నీళ్ళు పోశాడు.